ఏడో నంబరు రాయి

ఏడో నంబరు రాయి రెండు నెలలు నా బుర్ర తినేసింది. రాజమండ్రి దగ్గర లావా గడ్డకట్టిన క్వారీలో, ఒకే పొర నుంచి కొట్టుకొచ్చిన పన్నెండు రాళ్లు. పదకొండు ఒక్క మాట మీద ఉన్నాయి. ఇది మాత్రం అడ్డం తిరిగింది.

మా పని చెప్పుకోడానికి తేలికే. రాతిలో స్ట్రాన్షియం ఉంటుంది. దాని ఐసోటోపులు ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములు, బరువులే తేడా. ఎవరి పాలు ఎంతో చూస్తే లావా భూమి లోపలి మాంటిల్ నుంచి నేరుగా వచ్చిందో, దారిలో పైపెంకును కరిగించి కలుపుకుందో తెలుస్తుంది. మిగతావి మాంటిల్ అంటుంటే, ఏడో నంబరేమో 'నేను అచ్చంగా పైపెంకునే' అంటోంది. పక్కపక్క రాళ్లకు ఇంత తేడా ఏమిటి? మిషన్ తప్పా, నా తప్పా? మళ్లీ కొలిచాను, అదే జవాబు. చివరికి మాంటిల్ మీదే ఓ కొత్త సిద్ధాంతం అల్లేశాను. దానికి తలా తోకా లేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ చిరాకుతోనే కవిటిలో మా ఇంటికి వచ్చాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, పక్కింటి ధనమ్మ పిన్ని ఎదురొచ్చింది.

"కృపమ్మా, మా రాయి ఏటి సెప్పింది?"

"మీ రాయేంటి పిన్నీ?"

"ఆయేల క్వారీ నుంచి ఇటొచ్చి నువ్వు రాళ్లు కడిగి వాకిట్లో ఆరబెట్టినావు గదా. ఏడో నంబరు సంచీలో నీది తీసేసి మా నూతిలో రాయి ఎట్టీసినాను. ఊల్లో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తందో సూడ్డానికి రగతం తీసినోలు, నీల్లు పట్టుకెల్లినోలు, ఎవులొచ్చినా మా ఇల్లు దాటిపోతారు. సెప్తే వద్దంటావని సెప్పనేదు. నీ రాయి భద్రంగానే ఉందిలే, తలుపుకడ్డం ఎట్టినాం."

సిగ్గుతో చచ్చిపోయాను. పొడి కొట్టడానికిచ్చేటప్పుడు సంచులు లెక్కపెట్టానే తప్ప ఒక్క రాయి ముఖమూ చూడలేదు.

కోపం రావలసింది. కానీ పిన్ని కొడుకు జగదీష్‌కి ఇరవై ఎనిమిదేళ్లు, కిడ్నీలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరుగుతోంది. నూతిలో దోషముందని చదువుకున్నవాళ్లెవరైనా తేల్చేదాకా కొళాయి నీళ్లు ఇంట్లోకి రానివ్వనని బాబాయి మొండికేశాడు.

"ఆ రాయి ఎక్కడ పుట్టిందో చెబుతుంది పిన్నీ. నీళ్లు మంచివో కాదో చెప్పదు."

"భూమి అడుగున ఏటున్నాదో తెలుస్తాది గానీ, ముప్పై అడుగుల్లో నీల్లు తెలవ్వా?"

 ఆవిడ ఇంట్లోకెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పోనీ, తాగు."

ఆ నూతి నీళ్లే. చిన్నప్పుడు ఎన్ని చెంబులు తాగానో. వాటిలో ఏదో ఉందనీ తెలియదు, లేదనీ తెలియదు. గ్లాసు పట్టుకున్నాను గానీ చెయ్యి పైకి లేవలేదు.

పిన్ని నా మొహం చూసి గ్లాసు లాక్కుంది. కొబ్బరిచెట్టు మొదట్లో నీళ్లు పారబోసి, ఇంటివైపు కేకేసింది.

"జగదీషూ! మీ అయ్యకి సెప్పు. కృపమ్మ తేల్చీసింది. నేటి నుంచి కొళాయి నీల్లే!"

నేనేం తేల్చానని?