కడుపులోని నల్ల పొర

మా మనవరాలు మ్యూజియంలో పనిచేసే గదిలో ఎప్పుడూ తుమ్మెద తిరుగుతున్నట్టు ఒకటే మోత. అది రాయిని రవ్వంత రవ్వంతగా రాల్చే సూది యంత్రం. ఆ మధ్యాహ్నం కిటికీ ఎండలో రాతిపొడి తేలుతుంటే, ఏ సముద్రం అడుగునో నిలబడ్డట్టు అనిపించింది నాకు. క్యారేజీ ఇచ్చి వచ్చేద్దామని వెళ్లినదాన్ని కాస్తా అక్కడే ఉండిపోయాను.

బల్ల మీద పలకరాయి, అందులో రాయైపోయిన చేప. కోట్ల ఏళ్ల నాటిదట! నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు పడుకుని ఉంది. దాని ముందు మా పిల్ల కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైందే?"

"జిగురు ఒలకబోసి పాడు చేశానట అమ్మమ్మా. పక్కటెముకల కింద అదే ఎండి నల్లబడిందట, చూడు. సాయంత్రంలోగా గీకెయ్యమన్నారు పెద్దసారు. లేకపోతే రేపట్నుంచి రావద్దన్నారు."

తనకంటే ముందు ఈ పని చేసిన ఇద్దరినీ ఇదే తప్పుకు సాగనంపాడట ఆయన.

"ఒలకబోశావా మరి?"

"ఎముకలు రాలకుండా చుక్కలు చుక్కలుగా వేశాను. ఒకచోట ఎక్కువే పడిందేమో!"

మైక్రోస్కోపులోకి వంగాను. ముందు నా కనురెప్పలే కనపడ్డాయి. తర్వాత మెల్లగా తేలివచ్చింది నలుపు. పొగచూరిన పల్చటి గుడ్డలా ఎముకల లోపలివైపు అంటుకుని, వెన్ను దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. నా బొటనవేలు దానంతటదే కదిలింది. నలభై ఏళ్లు చేపల బజారులో కత్తిపీట ముందు కూర్చున్నాను మరి, ఎన్ని కడుపుల్లోంచి ఆ నలుపును రుద్ది తీశానో!

"పిచ్చిమొద్దూ, జిగురేమిటే? ఇది కడుపు లోపలి పొర. తియ్యకుండా వండితే చేదు."

"రాయైపోయాక కూడా ఉంటుందా?"

"నన్నడుగుతావేం, చేపనడుగు. నువ్వు జిగురు వెయ్యని చోటు ఏదైనా ఉందా?"

కడుపు చివర, తోకవైపు, బెత్తెడు మేర రాయి కప్పే ఉంది.

"పొరే అయితే అక్కడా ఉండాలి. కడుపు దాటితే ఉండకూడదు."

తుమ్మెద మళ్లీ మోగింది. ఊపిరి బిగబట్టి పెచ్చు లేపింది పిల్ల. నలుపు. ఇంకో పెచ్చు. నలుపే. అలా అలలా జరుగుతూ వెళ్లి, కడుపు ముగిసే చోట నలుపూ ముగిసింది.

అప్పుడే పెద్దసారు వచ్చాడు.

"గీకావా?"

"లేదు సార్." పిల్ల తల దించలేదు. "ఇక్కడ జిగురు చుక్క కూడా వెయ్యలేదు, ఇప్పుడే తెరిచాను. ఇది చేప కడుపు పొర."

ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచి అంచున అద్దాడు. జిగురైతే కరిగి అంటుకోవాలి. దూది తెల్లగానే వచ్చింది. మళ్లీ అద్దాడు. తెల్లగానే ఉంది. తలెత్తి గోడ వైపు చూశాడు. అలమారలో బారులు బారులుగా చేపలు, అన్నీ గీకేసిన తెల్లటి కడుపులతో.

"ఎవరు చెప్పారమ్మాయ్ నీకు?"

పిల్ల గడ్డంతో నన్ను చూపించింది.

"నేనైతే వండుకోడానికి గీకాను నాయనా, నువ్వెందుకు గీకావు?"

కోప్పడతాడనుకున్నాను. కుర్చీలో కూలబడ్డాడు.

"తెలియక తల్లీ."

తర్వాత మా పిల్ల వైపు తిరిగి, "నీకంటే ముందు చేసిన ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు ఎవరి దగ్గరుంటాయమ్మా?" అని అడిగాడు.