ఆవిరి మిషన్‌కు పసుపు స్నానం

తుఫాను వస్తుందని టీవీలో చెప్పినప్పుడు మా మామ కందసామి నాయక్కరు చాప మీద కాళ్ళు బారజాపుకుని నవ్వాడు. "పుయలంటే తూత్తుకుడి వాళ్ళకు గదమ్మా. మన రేగడికి దానికి తోవ యాడ తెలుస్తాది?" అన్నాడు. పుయల్ అంటే తుఫానే. కోవిల్‌పట్టి నుంచి మా ఊరికి బస్సే సరిగ్గా రాదు, ఇక తుఫాను ఏం వస్తుందని ఆయన లెక్క.

మర్నాడు గాలి మొదలయ్యాక నమ్మకం కుదిరింది. అబ్బో, ఇక ఏర్పాట్లు చూడాలి! బీరువా కింద ఇటుకలు పెట్టించాడు. టీవీని గోనెపట్టాలో చుట్టించాడు. ఇత్తడి అండాల్ని అటకెక్కించాడు. వాళ్ళ తాత పటానికి ప్లాస్టిక్ కవరు తొడిగించాడు. మా ఆయన పాండియరాజన్ పని మరీ ఘనం. మోటారు సైకిల్‌ను వసారా స్తంభానికి ఎద్దును కట్టినట్టు కట్టి, ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఇంట్లో మా అత్త పాపమ్మాళ్ ఉందనీ, ఆమెకు ఆయాసమనీ, ఈదురుగాలి తగిలితే ఊపిరి అందదనీ ఆ తండ్రీకొడుకుల్లో ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఆమె ఆవిరి మిషన్‌ను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టింది నేనే. అందులో మందు పోసి కరెంటు పెడితే, మందును పొగలా చేసి మాస్కులోంచి లోపలికి పంపుతుంది. అది లేకపోతే మా అత్త బతుకు గాలిలో దీపం.

పంచాయతీ వాళ్ళు వచ్చి, చెరువు కట్ట నిలుస్తుందన్న నమ్మకం లేదు, అందరూ బడికి వచ్చేయండి, అక్కడ జనరేటర్ ఉంది అన్నారు. మా మామ కదల్లేదు. కాలనీ వాళ్ళు అప్పటికే బడికి చేరారట, అదీ సంగతి. కాలనీ అంటే మా పొలాల్లో పనిచేసేవాళ్ళ వీధి. ఇంట్లో వాళ్ళూ తెలుగే మాట్లాడతారు, మేమూ తెలుగే. అయినా మా మామ వాళ్ళతో అరవంలోనే మాట్లాడతాడు. ఒకే భాషలో పలికితే చుట్టరికం కలుస్తుందని భయం కాబోలు.

"ఆడ అందరికీ ఒకే అండాలో వండుతుండారంట. ఆ కూడు తినేదానికన్నా ఈడ తడిసి చచ్చేది మేలు" అన్నాడు.

చచ్చేది ఎవరో మాత్రం చెప్పలేదు.

"అత్తనన్నా పంపిద్దాం మామా" అన్నాను.

"ఏళాయిరంపన్నై పిల్లకు నోరెక్కువ. టపాసుల ఊరు గద" అంది మా అత్త మంచం మీద నుంచి, నా పుట్టింటి ఊరిని ఎత్తిపొడుస్తూ. ఆమె కోసమే చెబుతుంటే ఆమె వరస అది.

సాయంత్రానికి కట్ట తెగింది. ఇంట్లోకి మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. బీరువా ఇటుకల మీద క్షేమంగానే ఉంది. మా అత్త రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తోంది. కరెంటు లేదు, మిషన్ సంచిలో ఉంది. మా ఆయన సెల్‌ఫోన్ పైకెత్తి టవర్ వెతుకుతున్నాడు.

అప్పుడు బడి నుంచి కాలనీ ఇసక్కిరాజా నడుం లోతు నీళ్ళలో వచ్చాడు. మా దగ్గర పనిచేసే మనిషి. వచ్చింది మా ఆవుల్ని విప్పడానికి. మా అత్తను చూసి ఇంకేమీ అడగకుండా "వీపెక్కండమ్మా" అని వంగాడు.

"వేరే ఎవరూ లేరా?" అన్నాడు మా మామ, అరవంలో.

నాకు ఒళ్ళు మండిపోయింది. "లేరు మామా. కావాలంటే మీరే ఎత్తుకోండి" అన్నాను. మా ఆయనకు సరిగ్గా ఆ నిమిషంలోనే నడుంనొప్పి గుర్తొచ్చింది. కాలనీ వాళ్ళ నీడ పడ్డా చెంబెడు నీళ్ళు చల్లే మా అత్త మారుమాట లేకుండా వీపెక్కింది. ఆచారం మాట్లాడ్డానికైనా ఊపిరి కావాలి గదా. ఇసక్కిరాజా మిషన్ సంచిని తలగుడ్డతో నెత్తికి కట్టుకుని ఆమెను మోసుకుపోతే, వేరే దారి లేక మేమూ వెనకే నడిచాం.

బడిలో ఆవిరి పట్టాక మా అత్త ముఖంలోకి నెత్తురు వచ్చింది. ఇసక్కిరాజా భార్య వళ్ళి గంజి తెస్తే గటగటా తాగింది. మా మామ గోడవైపు తిరిగి బిస్కెట్లు తిన్నాడు. తండ్రి అటు తిరిగిందే చాలని మా ఆయన మళ్ళీ మళ్ళీ గంజి పోయించుకున్నాడు.

నీళ్ళు తీశాక ఇంటికి వచ్చాం. రేగడి బురద సంగతి చెప్పేదేముంది, కాలు పెడితే చెప్పు దానిదే. వళ్ళి ఇంటి గోడ కూలిపోయింది. అయినా మొగుడూ పెళ్ళాలిద్దరూ ముందు మా కొట్టం, మా వాకిలి, మా బావి బాగుచేశారు. వాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు కాబట్టి లోపలి బురదంతా నా పాలు. "ఎవరో ఒకరు నిలబడి చూసుకోవాల గద" అని మా ఆయన నిలబడి చూసుకున్నాడు. కరెంటు మా వీధికి వచ్చింది, కాలనీకి రాలేదు. అక్కడ స్తంభాలు పడ్డాయట. మా వీధిలోనూ పడ్డాయి, పెద్దవాళ్ళ స్తంభాలు గనుక తొందరగా లేచాయి.

ఇల్లు కడిగాక మా మామ అసలు కడుగుడు మొదలుపెట్టాడు. బడికి పోయి వచ్చినవన్నీ తీట్టు, అంటే మైల. బక్కెట్లో పసుపునీళ్ళు కలిపి, మా అత్తను పెరట్లో పీట మీద కూర్చోబెట్టాడు. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోవడం లేదు. "వేణ్ణీళ్ళు కాగేదాకా ఆగండి మామా, చన్నీళ్ళు పోస్తే మళ్ళీ ఆయాసం వస్తుంది" అన్నాను. వినలేదు. నేను పోయనంటే కొడుకు చేత పోయించాడు. మా అత్త కూడా వద్దనలేదు, ఆ మాటా చెప్పాలి. "పోసెయ్‌రా, తీట్టు పోనీ" అని వణుకుతూ తల వంచింది. ఏం మనుషులో!

నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి పిట్టగోడ మీద ఆవిరి మిషన్ నీళ్ళు కారుతూ కనిపించింది. పసుపు పూసి, కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

"దీన్నేం చేశారు మామా?"

"వాడు నెత్తిన మోసింది గద. బక్కెట్లో ముంచి తీసినా. ఎండలో పెడితే సరిపోతాది. సెల్లు నీళ్ళలో పడితే నీ మొగుడు బియ్యంలో పెట్టి బాగు చెయ్యలేదా?"

తుఫాను ముంచలేకపోయిన దాన్ని ఈయన ఇంట్లో కూర్చుని ముంచాడు.

పొద్దు వాలకముందే మా అత్తకు ఆయాసం ఎత్తుకుంది. మా ఆయన మిషన్ ప్లగ్గు పెట్టాడు. పొగ వచ్చింది గానీ మాస్కులోంచి కాదు, మిషన్ కడుపులోంచి. మాడిన వాసన కొట్టి ఆగిపోయింది. కోవిల్‌పట్టి రోడ్డు కోసుకుపోయి ఉంది, ఆసుపత్రికి దారి లేదు. మా అత్త పెదాలు నల్లబడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, భయం కూడా వేసింది. ఎంత గయ్యాళి అయినా కళ్ళముందు మనిషి పోతుంటే ఎట్లా చూస్తూ ఉంటాం?

"వీరమ్మాళ్ దగ్గర ఇంకొకటి ఉంది" అన్నాను. వీరమ్మాళ్ ఇసక్కిరాజా తల్లి. ఆలంగుళం పక్క సున్నపురాతి గనుల్లో దుమ్ము మింగి మింగి ఆయాసం తెచ్చుకుంది.

"మాస్కు ఆమె మూతిది గద" అన్నాడు మా మామ.

"అవును, మూతిదే. మీ ఆవిడకు కావలసిందీ మూతికే."

పెళ్ళాం వైపు చూశాడు. చివరికి "మిషన్ ఒక్కటే తీసుకరా" అని కొడుకును పంపాడు.

మిషన్ ఒక్కటే రాలేదు. ఇసక్కిరాజా చెయ్యి పట్టుకుని, రొప్పుకుంటూ వీరమ్మాళ్ కూడా వచ్చి గడప ముందు నిలబడింది. మిషన్ అక్కడ పెట్టేసి పొమ్మని మా మామ అరవంలో అన్నాడు. వీరమ్మాళ్ తెలుగులో చెప్పింది.

"మా తట్టు కరెంటు లేదు సామీ. నాకూ ఊపిరి ఆడేది లేదు. మిషన్ యాడుంటే నేనూ ఆడే."

మా మామ నోరు తెరిచాడు. ఏం మాట వస్తుందో వినే ఓపిక నాకు లేదు. "లోపలికి రా అవ్వా" అని చాప పరిచాను. ఆమె గడప దాటి వచ్చి మా అత్త పక్కన కూలబడింది. ముందు మా అత్తకు పెట్టాను. రొప్పు తగ్గింది, పెదాలకు రంగు వచ్చింది. మాస్కు తీసి ఆమే తన చేత్తో వీరమ్మాళ్‌కు ఇచ్చింది. కాసేపు ఈమె, కాసేపు ఆమె.

అంతలో మా మామ చెంబుతో పసుపునీళ్ళు పట్టుకుని వచ్చాడు. "ముంచనులే. ఆమె పోయినాక ఊరికే మీద చల్లేస్తా" అన్నాడు.

మా అత్త ఆయన వైపు చూసింది.

"చల్లేది ఎందుకయ్యా, ముంచు. దీన్నీ ముంచు. ఆనక నన్ను ముంచు. ఒక్క మునకకే పోతా" అంది.

మా మామ చెంబు పట్టుకుని వాకిట్లోకి పోయాడు. మనసు మారి పోయాడనుకునేవాళ్ళకు ఒక దండం. ఇంట్లో వేరే మిషన్ లేదు, అంతే. లోపల వీరమ్మాళ్ మాస్కు తీసి ఇచ్చింది. మా అత్త దాన్ని తుడవకుండానే పెట్టుకుంది.