అరువు నిద్ర

గుంట నడుమ కట్టిన తాడు పట్టుకొని తెప్పను లాక్కుంటూ, రెండో చేత్తో రొయ్యలకు మేత చల్లుతున్నాడు హజరత్తయ్య. థర్మోకోల్ దిమ్మెల్ని గోతాంలో పెట్టి కుట్టిన తెప్ప అది. ఒక మనిషీ, ఒక మేత బస్తా ఎక్కితే పిల్లిక్కూడా చోటుండదు. గుప్పెడు విసరడం, తాడు లాగడం, మళ్ళీ గుప్పెడు విసరడం. ఇదివరకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కూనిరాగం తీస్తూ పోయేవాడు. ఇప్పుడు నడుమన ఆగుతున్నాడు. ఆగి, మేత కలుపుతున్నట్టు బస్తాలో చెయ్యి పెట్టి, తల వంచుకొని ఊపిరి కూడదీసుకుంటాడు. నీటికాకులు తప్ప చూసేవాళ్ళు లేరు. అయినా కలుపుతున్నట్టే ఉంటాడు. ఎవరూ చూడకపోయినా పరువు పరువే గదా.

యాభై దాటిన మనిషి. పొట్టి మెడ, బానపొట్ట, ఉప్పుగాలికి మొద్దుబారిన ముంజేతులు. సున్నం నీళ్ళలో నాని నాని కాలివేళ్ళ సందులు ఏడాది పొడుగునా తెల్లగా పాసి ఉంటాయి. ఈమధ్య పెదవులు నేరేడుపళ్ళు తిన్నవాడి పెదవుల్లా నల్లబడుతున్నాయి. గడ్డం గీసుకునే అద్దం చిన్నది కాబట్టి ఆ సంగతి అతను అంతగా పట్టించుకోలేదు.

తెప్ప గట్టుకు చేరేసరికి పక్క గుంట పనివాడు పెంచలకృష్ణ వచ్చి, ఇతని గుడిసె ముందు నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. నలభై ఏళ్ళవాడు, ఎప్పుడూ నిద్రమొహమే. చూపుడువేలికున్న నల్లటి ఉంగరాన్ని మెలితిప్పి తీసి, లుంగీకి తుడిచి ఇచ్చాడు.

"ఇదో అన్నా. రాత్రంతా పెట్టుకోనే ఉండా."

"బాగా నిద్రబట్టిందా?"

"నాకు పట్టకేం? నన్ను ఎత్తుకపోయి సముద్రంలో ఏసినా లెయ్యను నేను."

హజరత్తయ్య ఉంగరాన్ని తన వేలికి పెట్టుకొని గుడిసెలోకి పోయాడు. గూట్లో ఉన్న ఫోను కిణుక్కుమంది. ఉంగరం లోపలివైపు చిన్న దీపం ఉంటుంది. రాత్రంతా అది వేలిని చూస్తూ, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో, నిద్ర ఎంత పట్టిందో లెక్క కడుతుంది. పొద్దున ఫోను దగ్గరికి రాగానే ఆ లెక్కంతా దానంతటదే తడ ఊరికి పోతుంది. అక్కడ పనిచేస్తున్న అతని భార్య పేరమ్మ, తన ఫోనులో ఆ అంకెలు చూసుకుంటుంది.

అతను మొహం కడుక్కొనేలోపే ఫోను మోగింది.

"ఏమయ్యోవ్, తొంభై ఏడంట! ఉష చూసి చెప్పింది. కొత్త పెళ్ళికొడుకు మాదిరి పడి నిద్రపోయినావంట గదా!"

"ఊఁ. మంచి నిద్ర."

"నేను పక్కన లేకపోతేనే నీకు నిద్ర. ఇన్నేళ్ళూ నా పోరుకే పట్టలా."

వెనక హాస్టలు అమ్మాయిలు పకపకా నవ్వారు. పేరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు కోసమే హజరత్తయ్య ఇంత నాటకమాడుతున్నాడు.

పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ పేరమ్మ బతుకు ఈ గట్టు మీదే గడిచింది. విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే, సరుగుడు తోటల వెనక ఈ గుంటలు తప్ప ఇంకేమీ ఉండవు. పిల్లలు పుట్టలేదు. పలకరించడానికి ఇంకో ఆడమనిషి లేదు. నీళ్ళలో గాలి కలపడానికి పెట్టిన ఏరియేటర్లు రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ రెక్కల హోరులో పక్కనున్న మనిషికి చెప్పాలన్నా అరవాలి. అరిచి అరిచి విసుగెత్తి ఇద్దరూ మాటలు తగ్గించుకున్నారు. కొన్నాళ్ళు ఆమె కోళ్ళతో మాట్లాడింది. తర్వాత అదీ మానేసింది. సాయంత్రాలు గుడిసె గుంజకు ఆనుకొని కూర్చొని ఎటో చూస్తుండేది. ఆ చూపు కంటపడకుండా హజరత్తయ్య అవతలి గట్టుకు పోయేవాడు. ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

కరోనా తగ్గిన ఏడాది, తడ కంపెనీల్లో పనిచేసే అమ్మాయిల హాస్టలుకు వంటమనిషి కావాలని ఎవరో చెబితే, ఒక నెల చూసి వస్తానని ఆమె పోయింది. ఆ నెల ఇంతవరకూ తీరలేదు. అక్కడ అందరికీ ఆమె పెద్దమ్మ. జ్వరమొస్తే పెద్దమ్మే, ప్రేమ గొడవైనా పెద్దమ్మే. మొదటిసారి సెలవు పెట్టి వచ్చినప్పుడు చేతులు తిప్పుతూ, ఒక్కో అమ్మాయిని అనుకరిస్తూ ఆమె కబుర్లు చెబుతుంటే, ఈమె మన పేరమ్మేనా అని హజరత్తయ్య నోరు తెరుచుకొని చూశాడు. గుడిసె అంతా ఆమె గొంతే. రెండు రోజులుండి ఆమె బస్సెక్కాక, ఈ హోరులో తను ఒక్కడే మిగిలాడన్న సంగతి అతనికి మొదటిసారి తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

పోయిన ఎండాకాలం మేత బస్తా మోస్తూ కళ్ళు తిరిగి పడితే నెల్లూరులో డాక్టరుకు చూపించారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందనీ, అప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతోందనీ ఆయన చెప్పాడు. ఇంకొకరికైతే అరగంట విడమరచి చెప్పాల్సిన మాట. రొయ్యలకూ అంతే కాబట్టి హజరత్తయ్యకు వెంటనే అర్థమైంది. రాత్రిపూట చూసుకుంటూ ఉండాలి, తొంభై కంటే దిగుతుంటే వచ్చి ఆస్పత్రిలో చేరాలి, మొహానికి మిషను పెట్టుకొని నిద్రపోవాలి అన్నాడు డాక్టరు. పేరమ్మ హాస్టల్లో ఉష అనే పిల్లతో చెప్పి ఈ ఉంగరం తెప్పించింది. వేలికి పెడుతూ ఒక మాట కూడా అంది.

"తొంభైకి దిగిందంటే ఆ పూటే మూట కట్టుకోని వొచ్చేస్తా. మళ్ళా తడ మొహం చూడను."

అన్నమాట మీద నిలబడే మనిషి. అదే వచ్చింది చిక్కు. మొదటి రాత్రే అంకె ఎనభై దగ్గరికి దిగింది. ఉంగరం వదులై జారిందని అబద్ధమాడాడు. రోజూ అదే అబద్ధం చెబితే ఎవరు నమ్ముతారు?

దారి చూపించింది పెంచలకృష్ణ. చూపించినట్టు వాడికే తెలియదు. గుంటల యజమాని మధుబాబు గారు నెల్లూరులో ఉంటారు. రోజూ తెల్లవారకముందే నీళ్ళలో మీటరు ముంచి, ఆక్సిజన్ అంకె ఫోటో తీసి ఆయనకు పంపాలి. ముంచాల్సింది ఏరియేటర్లకు దూరంగా, నీళ్ళు కదలని మూల. రొయ్యకు ముందు ఊపిరాడనిది అక్కడే. అక్కడి అంకె చూసి ఆయన కేకలేస్తారని కొందరు రెక్క పక్కనే ముంచుతారు. అంకె బ్రహ్మాండంగా వస్తుంది. పెంచలకృష్ణ ఈ విద్యలో ఆరితేరినవాడు. హజరత్తయ్య ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు సరికదా, చేసినందుకు వాణ్ణి బండబూతులు తిట్టాడు. అటువంటివాడు తన ఒంటి విషయానికి వచ్చేసరికి మీటరును రెక్క పక్కన ముంచాడు. చీకటిపడితే ఉంగరాన్ని తీసుకుపోయి పెంచలకృష్ణ వేలికి తొడగడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి హజరత్తయ్య గట్టు మీద నుంచి వల పళ్ళెం పైకి లాగాడు. ఏమంత బరువు లేదు. అయినా సగంలో చేతులు ఆగిపోయాయి. పళ్ళెం నీళ్ళలోకి జారింది. మోకాళ్ళ మీద కూలబడి, గట్టు మట్టిని పిడికిట పట్టుకొని, నోటితో గాలి పీలుస్తూ ఉండిపోయాడు. పెంచలకృష్ణ పరుగెత్తుకొచ్చి వీపు నిమిరాడు. నీళ్ళు తాగించాడు. సరుగుడు చెట్ల నీడకు నడిపించుకొని పోయి కూర్చోబెట్టాడు.

"ఇంక నా వల్ల కాదన్నా. నా నిద్ర నీ కాతాలో ఎన్నాళ్ళు ఏసుకుంటావ? వొదినకి నేనే చెప్పేస్తా."

"చెప్తే నిన్ను ఈ గుంటలోనే ముంచుతా."

"ముంచు. నిన్ను మోసుకోని పొయ్యేదానికంటే అదే మేలు."

హజరత్తయ్య నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు.

"రేపొక్కరోజు గడిస్తే ఆదివారమే గదరా. అమ్మాయిలంతా ఆమెని ఉబ్బలమడుగు తీసకపోతా ఉండారు. జలపాతం చూపిస్తారంట. ఎప్పట్నుంచో అదే మాట. కొత్త చీర గూడా కొనుక్కునింది. ఇప్పుడు గాని తెలిసిందంటే ఆ చీర పెట్టెలో పెట్టి ఈడికొచ్చి కూచుంటాది. మళ్ళా ఆ గుంజకి ఆనుకోని కూచుంటాది. ఆమెనట్టా నేను చూళ్ళేనురా."

"ఆదివారం అయినాక?"

"సోమారం నేనే నెల్లూరు పోయి ఆస్పత్రిలో పండుకుంటా. నేనే చెప్పుకుంటా."

"ఒట్టా?"

"ఒట్టు."

పెంచలకృష్ణ కాసేపు కాలితో ఇసుక కెలికాడు. వాడికి ఇష్టం లేదు. కానీ పెద్దవాడు ఒట్టు పెట్టాడు, రెండు రోజులే గదా అనుకున్నాడు. సాయంత్రం మేత తనే చల్లుతానని చెప్పి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలే వేళ హజరత్తయ్య పొయ్యి వెలిగించి గుప్పెడు బియ్యం పడేశాడు. పొయ్యి దగ్గర వంగినా ఆయాసమే. అన్నం ఉడుకుతుండగా పేరమ్మే ఫోను చేసింది. హాస్టల్లో వంట మొదలుపెట్టే వేళ అది. ఏం కూర చేసుకున్నావంటే చింతపండు చారు అన్నాడు. చెయ్యలేదు. పచ్చడితో సరిపెట్టుకుంటున్నాడు.

"గొంతేంది అట్టుంది?"

"అరిచినా. కొంగలు దిగినాయి గుంటలో."

ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"నన్ను రమ్మంటావా అయ్యా?"

రా అనే మాట అతని నోటిదాకా వచ్చింది. ఇక్కడ నా గొంతు నాకే కొత్తగా వినపడుతోంది, పొద్దున నీ ఫోను వచ్చిందాకా నేను బతికున్నట్టే ఉండదు, ఒక్కసారి వచ్చి పక్కన కూర్చో అని చెప్పాలనిపించింది. ఇంతలో అటువైపు ఎవరో పిల్ల "పెద్దమ్మా, ఉప్పు చూడు" అని గారాలు పోయింది.

"వొద్దులే. ఈడేముండాది? హోరు తప్ప. ఆదివారం బాగా తిరిగిరా. నీళ్ళ కాడ జాగర్త."

"సముద్రం పక్కన కాపరం చేసినదాన్ని, నాకు నీళ్ళంటే బయమా!" అని ఆమె నవ్వింది.

చేతులు ఖాళీ లేక ఆమె ఫోను పొయ్యి పక్కన పెట్టినట్టుంది, కట్ చెయ్యలేదు. హజరత్తయ్య కూడా కట్ చెయ్యలేదు. అటువైపు తిరగమోత చిటపటలాడింది. గరిటెలు, కంచాలు మోగాయి. ఒక పిల్ల ఇంకో పిల్ల మీద చాడీలు చెప్పింది. పేరమ్మ ఇద్దరినీ కసిరి, ఇద్దరికీ వేడివేడిగా ఏదో పెట్టింది. హోరు వినపడకుండా ఒక చెవి మూసుకొని, రెండో చెవికి ఫోను ఆనించుకొని అతను అవన్నీ విన్నాడు. ఎవరో వచ్చి ఫోను ఆపేసేదాకా వింటూనే ఉన్నాడు.

తర్వాత గట్టు దాటి పోయి ఉంగరం ఇచ్చి వచ్చాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు కాబట్టి మేత బస్తాలు రెండు గోడకు పేర్చి, వాటికి వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. పొద్దున మేత కలపాలి, కొంగల్ని తోలాలి, ఉంగరం తెచ్చుకోవాలి. అవే అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పెంచలకృష్ణ లేచేసరికి బాగా తెల్లారింది. అవతల గుంటలో ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. తెప్ప మాత్రం గట్టునే ఉంది. ఇవాళ కాస్త కునుకు పట్టినట్టుంది, పోనీలే అనుకుంటూ వాడు గట్టు దాటి వచ్చాడు. గుడిసె తలుపుకు కట్టిన గోతాం పట్టా పక్కకు తొలగించి లోపల అడుగుపెట్టగానే గూట్లో ఫోను కిణుక్కుమంది.

హజరత్తయ్య బస్తాలకు ఆనుకొని కూర్చున్నాడు. తల ఒక పక్కకు ఒరిగింది. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. మొహంలో బాధ ఏమీ లేదు. "అన్నా" అని పిలిచాడు పెంచలకృష్ణ. పాదం తట్టి చూశాడు. చల్లగా తగిలింది. ఇంకోసారి పిలవడానికి వాడికి ధైర్యం చాలలేదు. చతికిలబడి, ఆ పాదం పట్టుకొని అలాగే ఉండిపోయాడు. నిన్ననే వొదినకు చెప్పి ఉంటే అనుకున్నాడు.

ఫోను మోగింది. ఎవరో తెలిసే, కుడిచేత్తో తీసి చెవికి పెట్టుకున్నాడు. ఉంగరం ఆ చేతికే ఉంది.

"ఏమయ్యోవ్, తొంభై ఎనిమిదంట ఈరోజు! ఉష అంటా ఉంది, పెదనాయనకి బహుమతి ఇయ్యాలంట!"

వెనక అమ్మాయిలు నవ్వుతున్నారు.

"పలకవేందయ్యా?"

"వొదినా..." అన్నాడు పెంచలకృష్ణ.

"కృష్ణా, నువ్వా? మీ అన్న ఇంకా లేవలేదా?" పేరమ్మ చప్పున గొంతు తగ్గించింది. "లేపబాకయ్యా. పండుకోనీ. ఇన్నేళ్ళకి నిద్రబట్టింది ఆయనకి."

పెంచలకృష్ణ ఫోను చెవికి అలాగే ఆనించుకొని పొయ్యి వైపు చూశాడు. పొయ్యి పక్కన సత్తు గిన్నెలో, పొద్దున తినడానికని నీళ్ళు పోసి పెట్టుకున్న సద్దన్నం ఉంది. మూత మీద ఒలిచిన ఎర్రగడ్డ ఒకటి ఉంది.