కెటిల్ మరగక ముందే

మా దీవుల దేశపు రాజధాని నుకుఅలోఫాలో మాది సునామీ హెచ్చరికలు పంపే కార్యాలయం. అల ఏ ఇళ్లకు చేరుతుందో డేటాబేస్‌ను అడిగి, టీకి కెటిల్ పెట్టడం మా అలవాటు. పాత సర్వర్ జవాబిచ్చేలోగా టీ తాగడం కూడా అయిపోయేది. నాతో పనిచేసే కలొలైనె చెల్లెలు ఉండే దీవికి ఆలోపే అల చేరగలదు.

ఆ రోజు పరీక్షకు రెండు ప్రాసెసర్లు వచ్చాయి. ఒకదానిలో లెక్కలు చేసే కోర్లు అరవై నాలుగు. రెండోదానిలో పదహారే, కానీ చిప్ మీదే డేటా పెట్టుకునే చోటు ఎక్కువ. మొదటిది కెటిల్ మరిగేసరికి జవాబిచ్చింది.

"ఇక రెండోది దేనికి? భోజనానికి పోదాం" అన్నాడు మా ఆఫీసు కుర్రాడు సెమిసి.

"నోర్మూసుకుని కెటిల్‌లో చన్నీళ్లు పొయ్యరా" అంది కలొలైనె.

ఆమె రెండోదానికి అదే ప్రశ్న వేసి మీట నొక్కింది. సెమిసి కెటిల్ స్విచ్ మీద వేలు పెట్టేలోగా తెర మీద ఇళ్ల జాబితా నిలిచింది.

"దొంగాటక్కా! ఇందాకటి జవాబే దాచుకుని చూపిస్తోంది."

కలొలైనె తన చెల్లెలు కొత్తగా కట్టుకున్న ఇంటిని డేటాబేస్‌లో చేర్చి, మళ్లీ అడిగింది. ఆ ఇల్లు జాబితాలో కనిపించింది. సెమిసి వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.



"అయితే మనకిక టీ లేదా అక్కా?" అన్నాడు సెమిసి మెల్లగా.

"మా చెల్లికి అల వచ్చేలోగా కొండెక్కే టైముందిరా" అంది కలొలైనె, తెర మీంచి చూపు తిప్పకుండా.