వాన టైర్లు

ఎంపిక పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా జనార్దనరావు మాస్టారు రెండు కొత్త టైర్లు భుజాన తగిలించుకుని తెనాలి స్టేషన్లో నిలబడ్డారు. రేపల్లె పాసింజరు ఆగగానే దుర్గ సైకిలు దింపుకుంది. ఆమె కళ్ళు ముందు ఆ టైర్ల మీదే పడ్డాయి. సన్నటివి, దూరం దూరంగా బొడిపెలు నిటారుగా లేచినవి. బురదలో తొక్కే టైర్లు. పోటీ జరిగేది బాపట్ల ఇసకలో.

దుర్గది రేపల్లె దాటాక సముద్రం పక్కనున్న పల్లె. తండ్రి బ్రహ్మయ్య వేటకెళ్తాడు. జనవరిలో ఆమెకు ఇరవై మూడు నిండుతాయి, ఆ తర్వాత ఈ విభాగంలో పోటీకి రానివ్వరు. మౌంటెన్ బైకు పోటీలకు వెళ్ళే రాష్ట్ర జట్టులో అమ్మాయిలకు ఈసారి మిగిలింది ఒక్కటే చోటు. అది దక్కితే సర్టిఫికెట్టు, దాంతో క్రీడల కోటాలో ఉద్యోగానికి దారి. దక్కకపోతే రొయ్యల షెడ్డు. తల్లి గంగరత్నం పదేళ్ళుగా అక్కడ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తోంది. ఇప్పుడు ఆమె వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, అన్నం కలుపుకోవడమే కష్టం. ఆ షెడ్డంటే దుర్గకు భయం.

కనుచూపు మేరలో కొండన్నది లేని చోట మౌంటెన్ బైకులేంటని నవ్వేవాళ్ళు నవ్వారు. మాస్టారు పట్టించుకోలేదు. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక ఎనిమిదేళ్ళుగా దుర్గను కాలవ గట్ల మీద తొక్కిస్తూనే ఉన్నారు.

ఇక టైర్ల గొడవంటారా, అది తెగేది కాదు. తెనాలిలో ఆదివారాలు సైకిళ్ళు తొక్కే బ్యాచి టీ కొట్టు దగ్గర ఆగిందంటే చాలు, వెడల్పువి కావాలని ఒకడు, సన్నవి చాలని ఇంకొకడు, గాలి దండిగా ఉండాలని ఒకడు, సగానికి దింపాలని మరొకడు. టీలు చల్లారిపోతాయి గానీ ఎవడూ తగ్గడు. అసలు సంగతేంటంటే, ఎవడు ఏ నేల మీద పడి మోకాళ్ళు పగలగొట్టుకున్నాడో ఆ నేల గురించే మాట్లాడతాడు. మాస్టారు పడింది నల్లరేగడిలో. కుర్రతనంలో గెలిచే పోటీ ఒకటి, వెడల్పు టైర్లకు బురద కరుచుకుని చక్రమే తిరగక పోగొట్టుకున్నారు. నలభై ఏళ్ళయినా ఆయనకు కళ్ళు మూస్తే ఆ బురదే.

"మాస్టారూ, అక్కడంతా ఇసకండీ," అంది దుర్గ. "జీడిమామిడి తోటలు దాటితే బీచి దాకా ఇసకే. వెడల్పు టైరేసి గాలి తగ్గిస్తే పైపైన పోద్ది. ఇవి దిగబడిపోతాయండీ."

"పొడి ఇసకైతే నువ్వన్నదే నిజం. అల్పపీడనం పట్టిందమ్మాయ్. ఆదివారానికి మన దగ్గరే తీరం దాటుద్దంట. తడిసిన ఇసక గట్టిపడుద్ది, తోటల్లో బాటంతా బురదయిపోద్ది. వెడల్పు టైర్ల వాళ్ళు ఎలా ఈడుస్తారో అప్పుడు చూడు."

దుర్గ ఆయన మొహంలోకి చూసింది. సంగం జాగర్లమూడిలో మాస్టారి నాలుగెకరాల వరి కోసి పనలుగా చేలోనే పరిచి ఉంది. వాన పడితే అంతా మొలకెత్తిపోతుంది. ఊళ్ళో రైతులందరూ వాన రాకూడదని మొక్కుకుంటుంటే ఈయనొక్కరే రావాలంటున్నారు.

"మరి మీ చేను, మాస్టారూ?"

"చేను పైఏడు మళ్ళీ పండుద్ది. నీకు పైఏడు లేదుగా."

పంటను వానకు వదిలేసుకుంటానన్న మనిషికి మీ లెక్క తప్పని చెప్పడానికి నోరెలా వస్తుంది? అక్కడే, ప్లాట్‌ఫారం మీదే, టైర్లు మార్పించుకుని, పాత వెడల్పువి భుజాన వేసుకుని కాలవ గట్టు మీదికి తొక్కుకుంటూ పోయింది.

శనివారం సాయంత్రం బ్రహ్మయ్య ఒడ్డున నిలబడి సముద్రాన్ని చాలాసేపు చూసి ఇంటికొచ్చాడు. "గాలి మారిందమ్మా. తుపాను ఒరిస్సా వైపు లాగేత్తంది. రేపు చినుకు పడదు. ఆ పాత వెడల్పు టైర్లు ఏసుకో."

"మాస్టారు అక్కడుంటారు నాన్నా. చూస్తారు."

"చూస్తే చూడనీ. తొక్కేది నువ్వా, ఆయనా?"

దుర్గ పానా తెచ్చి ముందు చక్రం నట్టు వదులు చేసింది. మళ్ళీ బిగించేసింది. ఇక్కడ ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పుట్టి పెరిగింది ఇసకలో, గాలీ వానా గురించి తండ్రి చెప్పింది ఏనాడూ తప్పింది లేదు, అయినా బిగించేసింది. నమ్మిన మనిషి మొహం చిన్నబోవడం ఆ పిల్ల చూడలేదు, అంతే.

ఆదివారం బాపట్లలో ఎండ చురుక్కుమంది. మొదటి రౌండులో తోట దాటే దాకా దుర్గే ముందుంది. ఇసక రాగానే ముందు చక్రం కూరుకుపోయి హ్యాండిల్ పక్కకు లాగేసింది. దిగి నెట్టింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. వెడల్పు టైర్ల వాళ్ళు ఒక్కొక్కరే పక్కనుంచి వెళ్ళిపోయారు. నడక నేర్చిన ఇసకలో ఆమె తొమ్మిదోదై వచ్చింది.

మాస్టారు జీడిచెట్టు నీడలో ఉన్నారు. అప్పుడే ఊర్నుంచి ఫోనొచ్చింది, తుపాను తప్పింది, పంట దక్కిందని. ఆయన మొహంలో ఆ సంతోషం లేదు. దుర్గ కళ్ళలోకి చూడకుండా అడిగారు.

"టైర్లేనంటావా?"

ఆ గొంతు విని దుర్గకు ఏడుపొచ్చింది. "కాదండీ. టైర్లు బానే ఉన్నాయి. నాకే దమ్ము చాల్లేదు."

మాస్టారు పెద్దగా ఊపిరి వదిలారు. "నేనూ అదే అనుకున్నానమ్మా. ఆర్నెల్లుగా చూస్తున్నా, నీలో పస తగ్గింది. చెబితే బాధపడతావని ఊరుకున్నా."

ఆయన పరువు కాపాడదామని ఆడిన అబద్ధం ఇంత తేలిగ్గా ఆయనకు నిజమైపోతుందని దుర్గ అనుకోలేదు. ఓడిపోయినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ నొప్పి పుట్టింది.

"ఆ టైర్లు విప్పి ఇవ్వు. దుగ్గిరాల నుంచి మాధురని కొత్తమ్మాయి వస్తంది. పైఏడు కూడా పోటీ ఇక్కడేనంట. దానికి పనికొస్తాయి."

"మాస్టారూ, ఆ అమ్మాయికి వెడల్పువి..."

"దమ్ముంటే ఏ టైరైనా ఒకటేనమ్మా," అన్నారాయన, ఓదార్పుగా భుజం తడుతూ.

దుర్గ గాలి తీసేసి రెండు టైర్లూ విప్పి, అంటుకున్న ఇసక దులిపి ఆయన చేతికిచ్చింది. సోమవారం పొద్దున్నే తల్లి వెంట రొయ్యల షెడ్డుకు వెళ్ళి పేరు రాయించుకుంది.