ఆపు సైగ

ఆపరేషన్ ముందు నర్సమ్మ అడిగే ప్రశ్నలకి మనుషులు నిజం చెప్పిన పాపాన పోరు. సిగరెట్టు మానేసి ఏళ్లయిందని దగ్గుతూ చెప్పేవాళ్లని ఆవిడ రోజూ చూస్తూనే ఉంటుంది. బావ కూడా ఆ బాపతే. "మందులేమన్నా వాడుతున్నారా?" అని అడిగితే మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, "నాకు మందులేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వచ్చిన మనిషి ఆ మాట అనేసరికి పక్కనున్న అక్క కూడా నవ్వేసింది. గోడకి ఆనుకుని నిలబడ్డ సైగలోడికి మాత్రం నవ్వు రాలేదు. బావ వాడే మాత్రల సీసా వాడి ప్యాంటు జేబులోనే ఉంది మరి.

సైగలోడంటే అక్కకి ఒక్కగానొక్క తమ్ముడు. పెద్ద పెద్ద మేడలు కట్టేచోట బావ క్రేను నడుపుతాడు, వీడు కింద నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. పైన గాజు గదిలో కూర్చున్నవాడికి కొక్కెం కింద ఎవడున్నాడో సరిగ్గా కనిపించదు, యంత్రాల రొదలో కేకలూ వినిపించవు. కాబట్టి కింద వీడి చేతులే పైన బావకి కళ్లు. వేలు ఆకాశానికి చూపి తిప్పితే ఎత్తాలి, నేలకి చూపి తిప్పితే దించాలి. వీణ్ణి పనిలో పెట్టించిన రోజే బావ ఒక మాట నూరిపోశాడు. "ఎత్తమన్నా దించమన్నా నువ్వు చెబితేనే వింటాను. రెండు చేతులూ బార్లా చాపి ఆపమని మాత్రం ఎవడు ఊపినా ఆపేస్తాను. ఊడ్చేవాడైనా సరే, దారినపోయే దానయ్యైనా సరే. ఎందుకని అడగడం తర్వాత."

అలాంటి బావ బుర్ర ఈ మధ్య మొరాయించడం మొదలుపెట్టింది. సైగ అందాక ఏం చెయ్యాలో కాసేపు వెతుక్కునేవాడు. ఒకరోజు దించమంటే పక్కకి తిప్పాడు, ఇనుప ఊచల మోపు తాపీమేస్త్రీ తల మీదుగా వెంట్రుకవాసిలో పోయింది. ఆ సాయంత్రం బావ వీణ్ణి మెట్ల కిందకి లాక్కెళ్లి ఒక సీసా చూపించాడు. దాని మీద మెదడు బొమ్మ, చుట్టూ మెరుపులు.

"జ్ఞాపకశక్తికట. గింకో అని ఏదో ఆకు సారం. మందు కాదురా, ఆకే. మీ అక్కకి గానీ, పైవాళ్లకి గానీ చెప్పావో, అక్క మీద ఒట్టు. తెలిస్తే నన్ను ఆ గదిలోంచి దించేస్తారు. దిగితే నేనెందుకు పనికొస్తాను చెప్పు?"

వీడు ఒట్టు వేశాడు. వెయ్యక చస్తాడా, అన్నం పెట్టిన చెయ్యి అది.

ఇవాళ ఆసుపత్రి బట్టలు మార్చుకుంటూ బావ ఆ సీసాని అక్క కంటపడకుండా వీడి చేతిలో కుక్కాడు. వరండాలోకి వెళ్లి ఊరికే తిప్పి చూశాడు వీడు. అడుగున చీమ తలకాయంత అక్షరాలు. రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చట, ఆపరేషన్‌కి ముందే మానేసి డాక్టరుకి చెప్పాలట. పొద్దున గడ్డం గీసుకుంటూ తెగిన చోట బావ అంటించుకున్న దూది ఇందాక చూసినప్పుడు కూడా ఎర్రగానే ఉంది.

పరుగున లోపలికొచ్చి, "బావా, ఆ ఆకు సంగతి చెప్పేయ్," అన్నాడు.

"ఏ ఆకురా? నేనేమన్నా మేకనా?" అన్నాడు బావ. అక్క మళ్లీ నవ్వింది.

వీడు చెవి దగ్గరకి వంగాడు. "రక్తం ఆగదట బావా."

"ఒట్టేశావు," అన్నాడు బావ పళ్ల మధ్య నుంచి. "మీ అక్క ఎదురుగానే ఉంది, చూసి మాట్లాడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒట్టు తప్పితే అక్కకేమవుతుందోనని ఒక పిచ్చి భయం. తప్పకపోతే అక్క బతుకేమవుతుందోనని అసలు భయం. వీడు ఎటూ తేల్చుకోకముందే ఇద్దరు మనుషులొచ్చి బావని చక్రాల మంచం మీదకి ఎక్కించి తోసుకుపోయారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనకే నడిచింది. వరండా చివర ఆపరేషన్ గది తలుపులు తెరుచుకున్నాయి.

సైగలోడు పరిగెత్తాడు. మంచాన్ని దాటుకుని వెళ్లి తలుపులకి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి అటూ ఇటూ ఊపాడు. నోరు మాత్రం విప్పలేదు. ఒట్టేసింది నోరు గానీ చేతులు కాదుగా.

"ఏంటయ్యా, పిచ్చా? తప్పుకో," అన్నాడు తోసేవాడు.

బావ తలెత్తి చూశాడు. వీణ్ణి నమిలి మింగేసేలా చూశాడు. కానీ ఎన్నేళ్ల అలవాటో, కుడిచెయ్యి దానంతటదే మంచం కడ్డీని బిగించి పట్టుకుంది.

"ఆపండి," అన్నాడు.

"ఎందుకండీ?"

"ఎందుకో తర్వాత. ముందు ఆపండి."

డాక్టరు వచ్చాడు. సీసా జేబులోంచి బయటికొచ్చింది. "ఇది చెప్పకుండా బల్ల ఎక్కుంటే మా అందరికీ చుక్కలు కనిపించేవి," అన్నాడాయన. మాత్రలు మానేసి కొన్ని వారాలాగి రమ్మన్నాడు. అక్క తిట్టలేదు. బెంచీ మీద కూలబడి, "ఎందుకు వేసుకున్నారండీ?" అంది.

"మతి జారుతోందే," అన్నాడు బావ. వెంటనే గొంతు సవరించుకున్నాడు. "జారేది. ఇప్పుడు లేదు. ఇవి మొదలుపెట్టాక ఒక్క పొరపాటు చెయ్యలేదు, కావాలంటే వీణ్ణడుగు. ఆపరేషన్ కానిచ్చుకుని మళ్లీ వేసుకుంటాను, మళ్లీ క్రేనెక్కుతాను. చెప్పరా మీ అక్కకి."

ఊ అంటే సరిపోయేది. బావ పరువు దక్కేది, అక్క మనసు కుదుటపడేది. వీడికి తాపీమేస్త్రీ తలే కళ్లముందు కదిలింది.

"అవి పని చెయ్యలేదు బావా."

"ఏమన్నావ్?"

"నేనే నెమ్మదించాను. ఒక్కో సైగా రెండేసి సార్లు చేశాను. నీ క్రేను కదిలేదాకా చెయ్యి దించలేదు. బరువు కిందకి పురుగుని కూడా రానివ్వలేదు. రోజూ ఇంటికెళ్లి వణికి చచ్చేవాణ్ణి. ఇంక నా వల్ల కాదు బావా."

అక్క తమ్ముడి మొహం చూడలేదు, మొగుడి మొహమే చూస్తోంది. బావ చక్రాల మంచం మీద వెల్లకిలా వాలి పైకప్పుకేసి చూశాడు.

"అయితే ఇన్నాళ్లూ క్రేను నడిపింది నువ్వన్నమాట," అన్నాడు.



బావ దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలు నేలకి చూపి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు. వీడికి అందలేదనుకున్నాడో ఏమో, ఇంకోసారి తిప్పాడు.

సైగలోడు దగ్గరకెళ్లి, చంకల కింద చేతులు వేసి బావని నేల మీదకి దించాడు.