తమ్ముడి పేరు

సముద్రం గడ్డకట్టిందంటే ఆ ఊరి పిల్లలకు పండగే. గ్రీన్‌ల్యాండ్ ఉత్తరపు కొసన, ఊరంతా రాళ్లే అయినచోట బంతి తన్నుకోవడానికి చదును నేల ఎక్కడిది? వేసవిలో సూర్యుడు దిగడు, పిల్లలూ ఇంటికి రారు. చీకటి నెలల్లో మాత్రం ఒడ్డున దీపాల వెలుతురు పడినంత మేరా మంచుమీద వాళ్లదే రాజ్యం.

ఇనుతెక్‌కు ఒక్కదానికే ఆ రాజ్యంలో చోటు లేదు. వేసవంతా కుక్కపిల్లలా గంతులేసిన పిల్లను, సముద్రం బిగుసుకోగానే తల్లి తుకుమెక్ ఇంట్లో కూర్చోబెట్టేసేది. ఇక చలికాలమంతా దాని ముక్కు కిటికీ అద్దానికి, చెయ్యి బిస్కెట్ల డబ్బాకు అతుక్కుపోయేవి.

తల్లి భయం ఊరికే పుట్టిందా? చిన్నప్పుడు ఆమె తమ్ముడు పలచటి మంచుమీద బంతి వెనక పరుగెత్తి మునిగిపోయాడు. చాలా ఏళ్లకు పుట్టిన కూతురికి అతని పేరే పెట్టారు. పేరు వస్తే మనిషి తిరిగొచ్చినట్టే అక్కడ, వరస కూడా వచ్చేస్తుంది. అందుకే ఆమె కూతుర్ని "తమ్ముడూ" అని పిలిచేది, కూతురు తల్లిని "అక్కా" అనేది. ఊళ్లో అదేం వింత కాదు.

"ఏమే, పిల్లని పెంచుతున్నావా, గుడ్డు పొదుగుతున్నావా?" అని దెప్పింది పక్కింటి బొలెత్తె పెద్దమ్మ. "కుక్కలబండినే మోస్తోంది మంచు, నీ పిల్లని మోయదూ?"

"ఒకసారి పోగొట్టుకున్నాను పెద్దమ్మా. ఇంకోసారి నావల్ల కాదు."

"పోగొట్టుకున్నది తమ్ముణ్ణే! ఇది నీ కడుపున పుట్టింది."

తుకుమెక్ విసురుగా తలుపేసుకుంది.

నెలల చీకటి తర్వాత సూర్యుడు మొదటిసారి కనబడే రోజు వచ్చింది. ఊరి వెనక కొండమీదికి పిల్లలు పోటీలుపడి పరుగెత్తారు. ఇనుతెక్ కూడా తల్లి వెంట బయలుదేరింది కానీ సగం దారిలోనే మోకాళ్లు మడిచి కూలబడింది.

"కాళ్లు రావట్లేదక్కా," అంది రొప్పుతూ.

పైన పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. వీళ్లు లేచి నాలుగడుగులు వేసేలోపే సూర్యుడు అలా కనబడి ఇలా మాయమైపోయాడు. తుకుమెక్ గుండె చెరువైంది. అయ్యో, నీళ్లపాలు కాకుండా కాపాడుకుంటున్నాననుకుని పిల్లని చేజేతులా కుంటిదాన్ని చేశానే!

పిల్లలు కొండదిగి నేరుగా మంచుమీదికి పోయారు. తల్లీకూతుళ్లు ఒడ్డుకు దిగేసరికి, "ఇనుతెక్! వస్తావా, గోలుకి నిలబడతావా?" అని పిలిచారు.

"వెళ్లు, నేనేమీ అనను," అంది తుకుమెక్. ధైర్యం చెప్పడానికి తానే ముందు మంచుమీద అడుగుపెట్టింది. "చూడు, ఎంత గట్టిగా ఉందో!"

పిల్ల ఒడ్డు దాటలేదు. "నీకు గట్టిదే. నేనొకసారి మునిగాను కదక్కా. మళ్లీ మునిగితే నువ్వు బతకవు."

తుకుమెక్ పిల్లవైపు రెండడుగులు వేసింది. "నువ్వు కాదు తల్లీ! మునిగింది వాడు. నువ్వు నా కూతురివి," అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

పిల్ల బెదిరిపోయి చూసింది. "మరి నీ తమ్ముడు తిరిగి రాలేదా?"

అబద్ధమాడితే పిల్ల ఒడ్డునే ఉండిపోతుంది. నిజం చెబితే వాడు మళ్లీ పోతాడు.

"రాలేదమ్మా," అంది తుకుమెక్. అంటూనే మంచుమీద కూలబడి, వాడు ఇప్పుడే పోయినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. పిల్ల తల్లి దగ్గరికి పోదామనుకుంది కానీ, ఆమెను ఇకమీదట ఏమని పిలవాలో తెలియక ఒడ్డునే నిలబడిపోయింది.